డిపార్ట్‌మెంట్ సర్వర్‌లో అకౌంట్: చేరిన రోజే ఇవ్వాలా, లైనక్స్ పరీక్ష పాసయ్యాకా?

మద్దిలపాలెం స్కాలర్:
విశాఖలో ఒక యూనివర్సిటీలో పీహెచ్‌డీ మూడో ఏడు చేస్తున్నాను. మా డిపార్ట్‌మెంట్‌లో అందరికీ కలిపి ఒక లైనక్స్ సర్వర్ ఉంది, అంటే విండోస్‌కి బదులు లైనక్స్ నడిచే పెద్ద కంప్యూటర్, ఎవరి చోటు నుంచి వాళ్లు లాగిన్ అయి వాడేది. 128 జీబీ మెమరీ, మోడళ్లను వేగంగా నడిపే ఒక జీపీయూ (గ్రాఫిక్స్ చిప్). స్కాలర్లు, ఎంటెక్ వాళ్లు కలిపి నలభై మంది దాకా దాని మీదే పని చేస్తారు. దాన్ని చూసుకునే బాధ్యత ఈ ఏడాది నాకు అప్పగించారు.

పోయిన నెల ఎవరో ఒక పెద్ద సీఎస్‌వీ ఫైల్‌ని (పట్టికలా ఉండే డేటా) పైథాన్‌లోకి ఒకేసారి ఎక్కించారు. మెమరీ నిండిపోయింది. అలా నిండినప్పుడు లైనక్స్ కెర్నల్, అంటే దాని గుండెకాయ లాంటి భాగం, ఏదో ఒక ప్రోగ్రామ్‌ని చంపి మిగతావాటిని నిలబెడుతుంది. సాధారణంగా అన్నిటికంటే ఎక్కువ మెమరీ వాడుతున్నదాన్నే ఎంచుకుంటుంది. ఆ రోజు పోయింది తప్పు చేసినవాళ్ల ప్రోగ్రామ్ కాదు, మా జూనియర్ ఒకమ్మాయిది. మూడు రోజులుగా నడుస్తున్న మోడల్, మధ్యలో ఎక్కడా సేవ్ కాలేదు. పేపర్ పంపడానికి ఇంకా రెండు రోజులే గడువు. ల్యాబ్ మెట్ల మీద కూర్చుని ఆ అమ్మాయి ఏడుస్తుంటే ఏం చెప్పాలో నాకు తెలియలేదు.

అందుకే కొత్తవాళ్లకు అరగంట పరీక్ష పెడదామంటున్నాను. ఎస్‌ఎస్‌హెచ్‌తో (దూరం నుంచి భద్రంగా కనెక్ట్ చేసే ప్రోగ్రామ్) లాగిన్ అవ్వడం, 'టాప్' అనే కమాండ్ కొట్టి ఎవరు ఎంత వాడుతున్నారో చూడటం, తన ఫైళ్లను ఎవరు చూడొచ్చో పర్మిషన్లు పెట్టుకోవడం, నడుస్తున్న ప్రోగ్రామ్‌ని ఆపడం. ఇవి వస్తేనే అకౌంట్. మీరేమంటారు?

ఎన్‌ఏడీ నుంచి:
వంద శాతం సమ్మతం. లైసెన్స్ లేనివాడికి లారీ ఇచ్చి ఎన్‌ఏడీ జంక్షన్‌కి పంపుతామా? ఇదీ అంతే. తన లాప్‌టాప్ అయితే ఎవరిష్టం వాళ్లది. ఇది నలభై మందిది.

పాడేరు అమ్మాయి:
నేను పూర్తిగా వ్యతిరేకం. ఎందుకో వివరంగా చెప్తాను, కొంచెం ఓపిగ్గా చదవండి.

ఇంటర్ దాకా నాది తెలుగు మీడియం. పీజీలో చేరేదాకా కమాండ్లు టైప్ చేసే ఆ నల్ల స్క్రీన్ చూడలేదు. నా లాప్‌టాప్ మెమరీ 4 జీబీ, బ్రౌజర్ తెరిస్తేనే ఆగిపోయేది. లైనక్స్ నేర్చుకోవడానికి నాకు దొరికే ఒకే ఒక్క చోటు డిపార్ట్‌మెంట్ సర్వర్. అది నేర్చుకుంటేనే అందులోకి రానిస్తామంటే, ఈత వచ్చాకే చెరువులో దిగమన్నట్టుంది. ఇంట్లో మంచి కంప్యూటర్ ఉన్నవాళ్లు మొదటి వారమే పాసవుతారు. మేం బయటే నిలబడతాం.

ఇంకో సంగతి. మా దగ్గర అకౌంట్ రావడానికి రెండు నెలలు పట్టింది. ఫారం, గైడ్ సంతకం, హెడ్ సంతకం, మళ్లీ ల్యాబ్‌లో ఎంట్రీ. అన్నాళ్లూ అసైన్‌మెంట్లు ఆగవు కదా. ఒక సీనియర్ అన్న జాలిపడి తన పాస్‌వర్డ్ ఇచ్చారు. చివరికి ఆ ఒక్క అకౌంట్‌లో నలుగురం ఉన్నాం. ఒకరోజు ఆ అన్న డేటా ఫోల్డర్ మాయమైంది. 'ఆర్‌ఎం' (ఫైళ్లు తుడిచేసే కమాండ్) కొడితే రీసైకిల్ బిన్‌లోకి వెళ్లదు, పోయిందంటే పోయినట్టే. నలుగురిలో ఎవరు కొట్టారో ఇప్పటికీ తెలియదు, ఎందుకంటే లాగ్‌లో ఉన్నది ఆయన పేరే. నేను కాదని నాకు గట్టిగా అనిపిస్తుంది కానీ ఒట్టు వేసి చెప్పలేను. ఆ బాధ ఇంకా ఉంది.

మీ పరీక్షతో ఆ రెండు నెలలు మూడవుతాయి. అకౌంట్ లేనంత మాత్రాన ఎవరూ పని ఆపుకుని కూర్చోరు. పక్కవాళ్ల పాస్‌వర్డ్‌తో వస్తారు.

మద్దిలపాలెం స్కాలర్:
మీరు రాసింది రెండుసార్లు చదివాను. ఆ రోజు మెమరీ నింపిన అకౌంట్ మా సీనియర్‌ది. అడిగితే 'నేను అసలు లాగిన్ అవ్వలేదు' అన్నారు. నేను నమ్మలేదు, కొంచెం కటువుగానే మాట్లాడాను. ఇప్పుడు ఆలోచిస్తే ఆయన నిజమే చెప్పి ఉండొచ్చు. రేపు వెళ్లి మాట్లాడతాను.

రుషికొండ సిస్టమ్స్:
నేను ఇక్కడే చదివి, ఇప్పుడు ఇక్కడి ఒక ఐటీ కంపెనీలో సర్వర్లు చూస్తున్నాను. స్కాలర్ గారూ, మీ సమస్యలో సగం మనుషులది కాదు, సెట్టింగ్‌లది. ఒక్కరు 128 జీబీ మొత్తం తినగలుగుతున్నారంటే ఎవరికీ పరిమితి పెట్టలేదని అర్థం. ఈ రోజుల్లో దాదాపు ప్రతి లైనక్స్‌లో ప్రోగ్రామ్‌లను మొదలుపెట్టి చూసుకునే సిస్టమ్‌డీ ఉంటుంది. అందులో ప్రతి యూజర్‌కీ ఒక స్లైస్, అంటే విడిగా ఒక వాటా, ఉంటుంది. దానికి 'మెమరీమ్యాక్స్' అని ఒక్క లైన్ రాసి 16 జీబీ అని పెట్టండి. ఎవరైనా అది దాటితే కెర్నల్ వాళ్ల ప్రోగ్రామ్‌నే చంపుతుంది, పక్కవాళ్ల జోలికి పోదు. డిస్క్‌లో ఒక్కొక్కరు ఎంత చోటు వాడొచ్చో కోటా కూడా పెట్టండి. ఆ అమ్మాయి మూడు రోజుల పని పోకుండా ఆపగలిగేది ఇదే, పరీక్ష కాదు. పరీక్ష రాసి పాసైనవాడు కూడా అర్ధరాత్రి నిద్రమత్తులో అదే ఫైల్ ఎక్కిస్తాడు.

పాస్‌వర్డ్ సంగతి అన్నిటికంటే పెద్దది. అసలు ఎస్‌ఎస్‌హెచ్ పుట్టిందే అక్కడ. 1995లో ఫిన్లాండ్‌లో హెల్సింకీ టెక్నాలజీ యూనివర్సిటీ నెట్‌వర్క్‌లో ఎవరో పాస్‌వర్డ్‌లు దొంగిలించారు. అప్పట్లో వాడే టెల్‌నెట్‌లో పాస్‌వర్డ్ ఉన్నది ఉన్నట్టుగా వైర్ మీద వెళ్లేది. అది చూసి అక్కడే పనిచేస్తున్న టాటు యూలోనెన్ ఎస్‌ఎస్‌హెచ్ రాశాడు. అంత కష్టపడి దారిలో దొంగలు పడకుండా చేస్తే, మనం కాగితం మీద రాసి చేతికిస్తున్నాం. కొత్తవాళ్లతో మొదటి రోజే కీ తయారు చేయించండి, అంటే పాస్‌వర్డ్ బదులు లాగిన్‌కి వాడే ఫైల్. విండోస్ 10లో కూడా ఎస్‌ఎస్‌హెచ్ కీ తయారు చేసుకోవచ్చు.

సోషల్ సైన్సెస్ టీచర్:
నేను పరీక్ష వైపే. పరిమితులు మెషిన్‌ని కాపాడతాయి, ఒప్పుకుంటాను. డేటాలో ఉన్న మనుషుల్ని ఎవరు కాపాడతారు?

మా విద్యార్థులు మత్స్యకార కుటుంబాల సర్వే చేశారు. ఎవరికి ఎంత అప్పుంది, ఎవరి దగ్గర తీసుకున్నారు, అన్నీ పేర్లతో సహా. ఆ ఫైళ్లు షేర్డ్ సర్వర్‌లో పెట్టారు. ఏడాది తర్వాత తెలిసింది, అకౌంట్ ఉన్న ఎవరైనా వాటిని తెరిచి చదవొచ్చని. ఉబుంటులో (లైనక్స్‌లో ఒక రకం) 21.04 వెర్షన్ ముందు వరకు కొత్త హోమ్ ఫోల్డర్ ఇతరులు చదవగలిగేలానే తయారయ్యేది. మాది అంతకంటే పాతది. ఫోల్డర్‌ని యజమాని తప్ప ఇతరులు తెరవకుండా చేసే 'సీహెచ్‌మాడ్ 700' అనే ఒక్క కమాండ్ తెలిసి ఉంటే సరిపోయేది. మనల్ని నమ్మి అరుగు మీద కూర్చోబెట్టి కష్టం చెప్పుకున్న వాళ్లకు మనం ఏం జవాబు చెప్తాం?

బ్యాకప్ కూడా అంతే. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు ఊళ్లో రోజుల తరబడి కరెంటు లేదు. ఒకే మెషిన్‌లో అన్నీ పెట్టుకున్న వాళ్ల టెన్షన్ నేను కళ్లారా చూశాను. సర్వర్‌లో ఉందంటే భద్రంగా ఉన్నట్టేనని పిల్లలు ఇప్పటికీ అనుకుంటారు.

పాడేరు అమ్మాయి:
మేడమ్, మీరు చెప్పింది నాకు తెలియాల్సిన విషయమే. కానీ నాకు ఎవరూ చెప్పలేదు. హాస్టల్ వైఫై పోయినప్పుడల్లా నా ప్రోగ్రామ్ కూడా ఆగిపోయేది. 'టీమక్స్'లో నడిపితే లైన్ తెగినా అది నడుస్తూనే ఉంటుందని ఆరు నెలలకు తెలిసింది. పరీక్ష పెట్టి ఉంటే నేను ఫెయిలయ్యేదాన్ని, అంతే. పక్కన కూర్చోబెట్టుకుని తెలుగులో చెప్పి ఉంటే ఒక్క పూటలో నేర్చుకునేదాన్ని.

ఎన్‌ఏడీ నుంచి:
కూర్చోబెట్టి చెప్పేది ఎవరు? స్కాలర్ అన్నకి తన థీసిస్ ఉంది. ఏటా ఇరవై మందికి విడివిడిగా చెప్పడం జరిగే పని కాదు. నా మాట మారలేదు.

మద్దిలపాలెం స్కాలర్:
విడివిడిగా కాదు తమ్ముడూ, ఒక శనివారం అందరికీ కలిపి రెండు గంటలు. నేను, ఇంకో ఇద్దరు సీనియర్లు చెప్తాం.

ఇప్పుడు నేను అనుకుంటున్నది ఇది. అకౌంట్ చేరిన రోజే, గైడ్ సంతకం ఒక్కటే చాలు. హెడ్ గారిని సోమవారం అడుగుతాను. మొదట 8 జీబీ పరిమితి. హోమ్ ఫోల్డర్‌కి 700 పర్మిషన్ నేనే పెట్టి ఇస్తాను. శనివారం క్లాస్‌లో తన చేత్తో నాలుగు పనులు చేసి చూపిస్తే 32 జీబీ, జీపీయూ తెరుస్తాను. రానివాళ్లు ఫెయిల్ కాదు, మళ్లీ నెల శనివారం వస్తారు. పాస్‌వర్డ్ పంచుకుంటే మాత్రం అకౌంట్ ఆపేస్తాను, సీనియరైనా సరే.

మేడమ్, డేటా గురించి ఆ క్లాస్‌లో ఓ అరగంట మీరు మాట్లాడితే బాగుంటుంది. పాడేరు చెల్లీ, తెలుగులో నాలుగు పేజీల నోట్ రాస్తున్నాను. అర్థం కాని చోట గీత పెట్టి పంపుతావా?

రుషికొండ సార్, ఒక్క అనుమానం. ఆ మెమరీమ్యాక్స్ జీపీయూకి కూడా పనిచేస్తుందా?

రుషికొండ సిస్టమ్స్:
పనిచేయదు. అది మెయిన్ మెమరీకే. జీపీయూకి స్లర్మ్ అనే ప్రోగ్రామ్ పెట్టండి, జాబ్‌లు (అందరూ నడపమని ఇచ్చే పనులు) క్యూలో నిలబడతాయి, ఒకసారి ఒకరికే జీపీయూ దొరుకుతుంది. ఒక్క మెషిన్ అయినా పెట్టుకోవచ్చు. ఆదివారం పొద్దున్న ఖాళీగానే ఉంటాను, ల్యాబ్ తాళం తీయించగలిగితే వచ్చి కూర్చుంటాను.

పాడేరు అమ్మాయి:
పంపండి అన్నా. ఆదివారం నేనూ రావచ్చా?