ఫ్రిస్కో పిన్‌బాల్ ఫెస్టివల్‌కి వెళ్తున్నాం, టోర్నమెంట్‌కి పేరు ఇవ్వాలా వద్దా?

శ్రీను_ఆస్టిన్:

అందరికీ నమస్కారం. నేను ఆస్టిన్‌లో ఉంటాను, ఇక్కడి పిన్‌బాల్ లీగ్‌లో వారం వారం ఆడుతుంటాను (తెలియనివాళ్లకి: అద్దం కింద వాలుగా ఉన్న బల్ల మీద ఉక్కు బాల్ కిందికి జారిపోకుండా ఫ్లిప్పర్లనే చిన్న రెక్కలతో కొట్టే మెషిన్ ఆట). మార్చిలో ఫ్రిస్కోలో టెక్సస్ పిన్‌బాల్ ఫెస్టివల్ ఉంది కదా, ఈసారి ఎలాగైనా వెళ్లాలని ఉంది. కారులో మూడున్నర గంటలు, ఫ్రిస్కో పక్కనే ప్లేనోలో మా పెద్దమ్మగారబ్బాయి ఇల్లు ఉంది, కాబట్టి ప్రయాణానికీ బసకీ ఇబ్బంది లేదు. నా సందేహమంతా టోర్నమెంట్ గురించే. ఎటూ వెళ్తున్నాం కదా అని పేరు ఇస్తే రోజంతా లైన్లోనే నిలబడాల్సి వస్తుందేమో, హాల్లో వందల మెషిన్లు కాయిన్లు వేయకుండా ఆడుకోమని పెడితే వాటి మీద చెయ్యి వేయకుండానే ఆదివారం వచ్చేస్తుందేమో అని భయంగా ఉంది. ఇవ్వకపోతే మళ్లీ ఏడాదంతా మనసు పీకుతూనే ఉంటుంది. పైగా ఎక్కడెక్కడి నుంచో పెద్ద ప్లేయర్లు వస్తారంటున్నారు, మా లీగ్‌లోనే నాది మధ్య స్థానం. మా ఆవిడ, తొమ్మిదేళ్ల పాప కూడా వస్తున్నారు, వాళ్లని ఒక మూల కూర్చోబెట్టి నేను ఆడుకోవడం నాకిష్టం లేదు. ఇలా ఊళ్లు దాటి వెళ్లి ఆడే అలవాటున్నవాళ్లు కాస్త చెప్పండి, మీరు టైమ్ ఎలా పంచుకుంటారు?

రవి_ప్లేనో:

శ్రీను గారూ, ముందు ఫార్మాట్ ఏంటో చూడండి, పేరు ఇవ్వాలా వద్దా అన్నది దాన్ని బట్టే తేలుతుంది. అన్నిటినీ టోర్నమెంట్ అనే అంటారు గానీ, మన టైమ్ మాట వచ్చేసరికి రెండు రకాలకీ పొంతనే ఉండదు. ఒక రకంలో ఎంట్రీలు కొనుక్కుంటారు, పోటీ కోసం పక్కన పెట్టిన మెషిన్లలో నచ్చినదాని దగ్గర లైన్లో నిలబడి ఆడతారు, మీ మంచి స్కోర్లు లెక్కలోకి వస్తాయి, స్కోరు బాగా రాకపోతే మళ్లీ డబ్బు కట్టి మళ్లీ లైన్లోకి. క్వాలిఫై అయ్యేదాకా వదలను అనుకున్నారంటే ఇక రోజు అక్కడే అయిపోతుంది. మీరు భయపడేది దీని గురించే, ఆ భయంలో అర్థం ఉంది.

రెండోది మ్యాచ్ ప్లే. నలుగురిని ఒక గ్రూపులో వేసి ఏ మెషిన్ మీద ఆడాలో చెప్తారు, నలుగురూ వంతులవారీగా మూడేసి బాల్స్ ఆడతారు, వచ్చిన స్థానాన్ని బట్టి పాయింట్లు, ఆ తర్వాత రౌండ్‌లో సాధారణంగా మీ దగ్గర దగ్గరగా పాయింట్లు ఉన్నవాళ్లతోనే గ్రూపు పడుతుంది. గంటల తరబడి లైన్లో నిలబడే పని లేదు. నాకౌట్ పెట్టకపోతే ఎంత ఓడినా క్వాలిఫైయింగ్ ఆఖరి రౌండ్ దాకా మీకు ఆట ఉంటుంది, అదీ మీ స్థాయివాళ్లతో. పిట్స్‌బర్గ్‌లో జరిగిన పిన్‌బర్గ్ అనే టోర్నమెంట్‌కి అంత పేరు రావడానికి కారణం ఇదే. 2019లో అక్కడ వెయ్యి మంది ఆడారు. పది రౌండ్లు, ప్రతి రౌండ్‌లో నాలుగు మెషిన్లు, అందులో చిప్పులు రాకముందు రిలే స్విచ్‌లతో నడిచిన పాత కాలంనాటిది ఒకటి ఉంటుంది, కొత్త స్క్రీన్ ఉన్నది ఒకటి ఉంటుంది, కాబట్టి ఒకే తరం మెషిన్ల మీద చెయ్యి తిరిగినవాడు అక్కడ నెగ్గలేడు. మొదటిసారి ఊరు దాటి ఆడేవాళ్లకి నేనెప్పుడూ మ్యాచ్ ప్లేనే చెప్తాను. ఎంట్రీలు కొనే రకమే ఉంటే ఎన్ని కొనాలో ఇంటి దగ్గరే లెక్క పెట్టుకుని, తలుపులు తెరిచిన కొత్తల్లో లైన్లు పలచగా ఉన్నప్పుడే ఆడేసి బయటికి వచ్చేయండి.

ఇంకోటి, మెషిన్లు మీ లీగ్‌లో ఉన్నట్టు ఉండవు. పోటీ కోసం వాలు పెంచుతారు, అవుట్‌లేన్ల దగ్గర, అంటే రెండు పక్కలా బాల్ జారిపోయే సందుల దగ్గర, రబ్బర్లు తీసేసి దారి వెడల్పు చేస్తారు, టిల్ట్ బిగిస్తారు. టిల్ట్ సంగతి బాగా పట్టించుకోవాలి. చాలా మెషిన్లలో క్యాబినెట్ లోపల ఒక లోహపు రింగు మధ్యలో చిన్న గుండు వేలాడుతుంటుంది, మనం మెషిన్‌ని నెడితే అది ఊగి రింగుకి తగులుతుంది, తగిలితే కరెంటు కలుస్తుంది. కొత్త మెషిన్లలో మామూలుగా రెండు వార్నింగులు వస్తాయి, మూడోసారికి ఫ్లిప్పర్లు చచ్చిపోతాయి, అప్పటిదాకా కూడబెట్టిన బోనస్ కూడా పోతుంది. పాత రిలే మెషిన్లలో వార్నింగే ఉండదు, తగిలిందంటే బాల్ పోయినట్టే. వార్నింగ్ వచ్చిందంటే లోపల గుండు ఇంకా ఊగుతోందన్నమాట, అప్పుడే కంగారుపడి రెండోసారి నెట్టారంటే వార్నింగులన్నీ వరసగా అయిపోతాయి. బాల్‌ని ఫ్లిప్పర్ ఎత్తి పట్టి ఆపండి, ఊగు తగ్గేదాకా ఆగండి, అప్పుడు కొట్టండి. నెట్టడమంటే మెషిన్‌ని తొయ్యడం కాదు, బాల్ రబ్బరుకి తగిలే ఆ క్షణంలో అరచేత్తో ఒక చిన్న అదురు, అంతే. ఈ రెండూ ఇప్పటినుంచే మీ లీగ్‌లో అలవాటు చేసుకోండి, స్కోరు తగ్గినా ఫర్వాలేదు.

కిరణ్_గుంటూరు:

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి, నిజంగా తెలియక అడుగుతున్నా. బాల్ రెండు ఫ్లిప్పర్ల మధ్యలోంచి నేరుగా జారిపోతే ఎవరైనా ఏం చేయగలరు? ఇందులో అదృష్టమే ఎక్కువ అనిపిస్తుంది నాకు. దీనికి ర్యాంకులు, ప్రపంచ పోటీలు ఎలా పెడతారు?

సతీష్_షాంబర్గ్:

కిరణ్, మంచి ప్రశ్న అడిగావు, సరిగ్గా ఇదే ప్రశ్న మీద న్యూయార్క్ నగరంలో 1942 నుంచి 1976 దాకా పిన్‌బాల్ నిషేధంలో ఉంది. అది జూదం కిందే లెక్క అని మేయర్ లగార్డియా మెషిన్లు పట్టించి సుత్తితో పగలగొట్టించాడు. 1976లో రోజర్ షార్ప్ అనే పత్రికా రచయిత సిటీ కౌన్సిల్ ముందు మెషిన్ ఆడి చూపించాడు, ప్లంజర్, అంటే బాల్‌ని ఆటలోకి పంపే పిడి, లాగే ముందే బాల్ పైన ఏ దారిలోంచి దిగుతుందో చెప్పి మరీ అదే దారిలోకి పంపాడు. నిషేధం పోయింది. ఆయన కొడుకులే ఇప్పుడు ఐఎఫ్‌పిఎ, అంటే అంతర్జాతీయ ఫ్లిప్పర్ పిన్‌బాల్ అసోసియేషన్ ర్యాంకింగ్‌లకి పెద్ద దిక్కు. నువ్వు చెప్పిన మధ్యలోంచి జారిపోవడం అందరికీ జరుగుతుంది, కానీ బాల్ అక్కడికి వచ్చే షాట్‌ని అసలు కొట్టకుండా ఉండటమే ఆట. క్యారమ్స్‌లో మంచి ఆటగాడు కాయిన్ వేయడంతో పాటు స్ట్రైకర్ ఎక్కడికి తిరిగొస్తుందో కూడా చూసుకుంటాడు చూడు, ఇక్కడా అంతే, కొట్టిన షాట్ తప్పితే బాల్ ఎటు వస్తుందో తెలిసి కొట్టాలి.

శ్రీను గారూ, నేను మాత్రం రవి గారితో ఏకీభవించను. మొదటిసారి టోర్నమెంట్ వద్దు. మా దగ్గర షికాగో పక్కన షాంబర్గ్‌లో అక్టోబర్‌లో జరిగే పిన్‌బాల్ ఎక్స్‌పో 1985 నుంచి నడుస్తోంది, నేను దానికి వెళ్లేది ఆడటానికంటే వినడానికి. మెషిన్లు డిజైన్ చేసినవాళ్లు, బొమ్మలు వేసినవాళ్లు, ప్రోగ్రామ్ రాసినవాళ్లు స్టేజీ మీద కూర్చుని ఆ ర్యాంప్ అలా ఎందుకు పెట్టారో, ఏది ధర కోసం తీసేయాల్సి వచ్చిందో చెప్తుంటే ఇంకెక్కడా దొరకని విషయాలు తెలుస్తాయి. పక్కనే ఎల్క్ గ్రోవ్ విలేజ్‌లో పిన్‌బాల్ మెషిన్లు తయారుచేసే స్టెర్న్ కంపెనీ ఫ్యాక్టరీ ఉంది, ఎక్స్‌పో రోజుల్లో చూడటానికి తీసుకెళ్తుంటారు. ఒక్కో మెషిన్‌లో పోయే వైర్లు, కాయిల్స్, స్విచ్‌లు చూశాక మళ్లీ ఆ మెషిన్ మీద అసహనంగా గుద్దాలనిపించదు. కీత్ ఎల్విన్‌ని చూడండి, ఒకప్పుడు ప్రపంచ ర్యాంకింగ్‌లో మొదటి స్థానంలో ఉన్న ఆటగాడు, 2018 నుంచి స్టెర్న్‌లో ఆయన డిజైన్ చేసిన మెషిన్లు వస్తున్నాయి. ఆడేవాడికి ఏం కావాలో ఆ మెషిన్లలో తెలిసిపోతుంది. ఫ్రిస్కోలో కూడా సెమినార్లు ఉంటాయి, టోర్నమెంట్ పెట్టుకుంటే అవన్నీ పోతాయి.

మాధవి_సియాటెల్:

పాపకి తొమ్మిదేళ్లంటే ఆడటానికి సరైన వయసు, శ్రీను గారూ. మూల కూర్చోబెట్టడం దేనికి? మా ఇంట్లో పిల్లలిద్దరూ టకోమాలో జూన్‌లో జరిగే నార్త్‌వెస్ట్ పిన్‌బాల్ షోలోనే నేర్చుకున్నారు. ఎవరూ వెనక నిలబడి తొందరపెట్టని మెషిన్ చూడండి, బాల్ ఫ్లిప్పర్ మీదికి వచ్చిన ప్రతిసారీ రెండు బటన్లూ ఒకేసారి నొక్కకుండా ఉండటం ఒక్కటి నేర్పండి చాలు, మిగతాది పిల్లలే పట్టేస్తారు. ఒక స్టూలు అడిగి తెచ్చుకోండి, అద్దం పైనుంచి చూస్తేనే వాళ్లకి పై భాగం కనిపిస్తుంది. హాల్లో హోరు మాత్రం చాలా ఎక్కువ, చెవులకి పెట్టుకునేవి ముగ్గురికీ తీసుకెళ్లండి. పాప విసుక్కుంటే ఫ్రిస్కోలోనే నేషనల్ వీడియోగేమ్ మ్యూజియం ఉంది, ఒక పూట అక్కడ హాయిగా గడిచిపోతుంది.

మీ ఆవిడకి ఆసక్తి ఉంటే మహిళల టోర్నమెంట్ ఉందేమో షెడ్యూల్ చూడండి. ఇప్పుడు చాలా షోలలో పెడుతున్నారు, ఐఎఫ్‌పిఎలో మహిళలకి విడిగా ర్యాంకింగ్ కూడా ఉంది. కాలిఫోర్నియాలో ఓక్లాండ్‌లో 2013లో మొదలైన బెల్స్ అండ్ చైమ్స్ అనే మహిళల లీగ్ ఇప్పుడు చాలా ఊళ్లలో ఉంది. నేను మా ఊళ్లో అలాంటి లీగ్‌లోనే మొదలుపెట్టాను, ఎందుకంటే బార్‌లో నలుగురు మగవాళ్ల మధ్య నిలబడి మొదటిసారి ప్లంజర్ లాగడం నాకు ఇబ్బందిగా ఉండేది. అక్కడ ఎదుటి ఆటగత్తెలే పక్కన నిలబడి ఏ షాట్ కొట్టాలో చెప్పారు. ఆ తర్వాతే ఊళ్లు తిరగడం. అందుకే సతీష్ గారి మాట నాకు సగమే నచ్చింది, సెమినార్‌లో విన్నదానికంటే నాకు గ్రూపులో ఓడిపోయి నేర్చుకున్నదే ఎక్కువ, పైగా ఏ ఊరు వెళ్లినా పలకరించేవాళ్లు ఆ గ్రూపుల్లోనే దొరికారు.

శ్రీను_ఆస్టిన్:

అందరికీ చాలా థాంక్స్. మాధవి గారూ, మీ పోస్టు మా ఆవిడకి చదివి వినిపించాను, తను అప్పుడే షెడ్యూల్ వెతుకుతోంది. మ్యాచ్ ప్లే ఏదైనా ఉంటే పేరు ఇస్తాను, లేకపోతే సతీష్ గారు చెప్పినట్టు సెమినార్లు, హాల్. రవి గారూ, రెండు సందేహాలు. లీగ్‌లో మేం స్నేహంగా ఆడేస్తాం, పెద్ద పోటీలో నియమాలు ఏవి తెలియకపోతే దెబ్బ తింటాం? ర్యాంకింగ్ పాయింట్ల కోసం ఆలోచించాలా?

రవి_ప్లేనో:

నియమాల్లో అన్నిటికంటే ముందు ఇది: ప్లంజర్ మీద చెయ్యి వేసే ముందు ఎన్నో ప్లేయర్ వంతో స్క్రీన్ మీద చూడండి. పక్కవాళ్ల బాల్ ఆడేస్తే ఆ గేమ్‌లో మీకు సున్నా, ఎంత ముందున్నా సరే. బాల్ ఎక్కడైనా ఇరుక్కుంటే మీరు కొట్టకండి, కదపకండి, చెయ్యెత్తి టోర్నమెంట్ డైరెక్టర్‌ని పిలవండి. ఆ లోపు ఇంకో బాల్ ఆటలో ఉంటే దాన్ని ఫ్లిప్పర్ మీద ఆపి ఉంచండి. ఎక్స్‌ట్రా బాల్ చాలా చోట్ల ఆపేసి ఉంచుతారు. ముందువాళ్లు టిల్ట్ చేశాక గుండు ఊగుతుండగానే మీ బాల్ ప్లంజ్ చేయకండి, నిదానంగా ఆగి మొదలుపెట్టండి, ఎవరూ ఏమీ అనరు. డ్రెయిన్ అయిపోతున్న, అంటే కిందికి జారి పోతున్న, బాల్‌ని మెషిన్‌ని బలంగా కుదిపి వెనక్కి రప్పించే డెత్ సేవ్ లాంటివి నిషేధం.

పాయింట్ల గురించి ఇప్పుడే ఆలోచించకండి. మొదటి ఏడాది పూర్తి విలువ, రెండో ఏడాది 75 శాతం, మూడో ఏడాది 50, ఆ తర్వాత సున్నా, మీ మంచి 20 ఫలితాలే లెక్క. పోటీకి వచ్చినవాళ్ల బలాన్ని బట్టి పాయింట్లు పెరుగుతాయి కాబట్టి ఫ్రిస్కోలో మధ్యస్థంగా ఆడినా కొన్ని వస్తాయి. టెక్సస్ రాష్ట్ర చాంపియన్‌షిప్‌కి వెళ్లాలనిపిస్తే ఆ క్యాలెండర్ ఏడాదిలో టెక్సస్‌లో సంపాదించిన పాయింట్లు చూస్తారు, దానికి మీ ఆస్టిన్‌లోనే వారం వారం ఆడొచ్చు.

ఒక పని మాత్రం ఇవాళే చేయండి. లీగ్‌లో ఆడుతున్నారు కాబట్టి ఐఎఫ్‌పిఎలో మీకు ప్లేయర్ నంబరు ఉండే ఉంటుంది. దాన్ని వెతికి పెట్టుకోండి, రిజిస్ట్రేషన్‌లో అడుగుతారు. మీ ఆవిడ కూడా ఆడేటట్టయితే తన పేరు మీద కొత్తది వస్తుంది, పేరు స్పెల్లింగ్ రిజిస్ట్రేషన్‌లోనూ ఐఎఫ్‌పిఎలోనూ ఒకేలా రాయించండి.