వడ్డీ లెక్క పిల్లలకు ఎలా చెప్పాలి?

ప్రశ్న: చెన్నైలో ఎనిమిదో తరగతికి లెక్కలు చెబుతున్నాను. చక్రవడ్డీ సూత్రాన్ని తడుముకోకుండా అప్పజెప్పే పిల్లలు, ఇంట్లో ఫోనుకు కట్టే నెలవాయిదా గురించి అడిగితే తెల్లమొహం వేస్తున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు 1: ఆ వాయిదాతోనే మొదలుపెట్టండి మాస్టారూ. 12,000 రూపాయల అప్పుకు 12 శాతం చొప్పున ఏడాది వడ్డీ 1,440 ముందే కలిపి, నెలకు 1,120 కట్టించుకుంటే, అసలు నెలనెలా తరుగుతున్నా వడ్డీ తరగదు కనుక, నిజమైన వార్షిక రేటు సుమారు 21.5 శాతం అవుతుంది. సూత్రం ఇవ్వకండి, నెలకో వరుస చొప్పున 12 వరుసల పట్టిక వేయించి, చివరి వరుసలో బాకీ సున్నా అయ్యేదాకా రేటును ఊహించి సరిచూసుకోమనండి.

జవాబు 2: టి.నగర్ నగల బిల్లు కూడా మంచి పాఠమే. బంగారం ధర మీద తరుగు, మజూరీ, ఆ మొత్తం మీద 3 శాతం జీఎస్టీ.

ప్రశ్నించినవారు: కృతజ్ఞతలు. ఇంటి అప్పుల వివరాలు పిల్లల చేత చెప్పించడం నాకు ఇష్టం లేదు కనుక, నమూనా బిల్లులు నేనే రాసి ఇస్తాను.