పీవీజీ రాజు గారి పార్టీలు: ఒక చోట సోషలిస్టు, ఒక చోట స్వతంత్ర అభ్యర్థి, ఇంకో చోట కాంగ్రెస్. ఏది రాయాలి?

ద్వారకానగర్_పాఠకుడు:

మా రీడింగ్ రూమ్ గోడపత్రికకి ఈ నెల విజయనగరం రాజకుటుంబానికి చెందిన పూసపాటి విజయరామ గజపతి రాజు (పీవీజీ రాజు) గారి మీద రెండు పేజీల పరిచయం వేస్తున్నాం. 1924–1995, మాన్సాస్ అనే విద్యా ట్రస్టు, విజయనగరం కోటని చదువులకి ఇచ్చేయడం, ఇవన్నీ సులువుగానే కుదిరాయి. రాజకీయాల దగ్గరికొచ్చేసరికి చిక్కు పడింది. 1952లో సోషలిస్టు అంటున్నారు. 1955లో పీఎస్పీ (ప్రజా సోషలిస్టు పార్టీ). 1957లో విశాఖ ఎంపీగా ఒక పట్టికలో సోషలిస్టు పార్టీ, ఇంకో పట్టికలో స్వతంత్ర అభ్యర్థి. 1971లో అదే సీటు నుంచి కాంగ్రెస్. వరసగా చూస్తే ఇరవై ఏళ్లలో నాలుగు పార్టీలు మారిన మనిషిలా కనిపిస్తున్నారు, ఆయన గురించి పెద్దలు చెప్పేదానికి ఇది పొసగడం లేదు. 1957కి ఏమని రాయాలి? సోషలిస్టు నాయకుడు రామ్ మనోహర్ లోహియాతో కలిసి లోక్‌సభలో పనిచేశారని ఒక వ్యాసంలో చదివాను, వాడుకోవచ్చా?

పాత_ఫలితాలు:

పార్టీ పేరు మారింది కాబట్టి మనిషి మారాడు అనుకుంటే ఆ కాలపు సోషలిస్టులందరూ గోడదూకిన వాళ్లే అవుతారండి. ముందు పార్టీ వంశవృక్షం గీసుకోండి, తర్వాత దాని మీద మనిషిని నిలబెట్టండి.

1934లో కాంగ్రెస్ లోపలే కాంగ్రెస్ సోషలిస్టు పార్టీ పుట్టింది. 1948లో వాళ్లు కాంగ్రెస్ నుంచి బయటికొచ్చి సోషలిస్టు పార్టీగా విడిగా నిలబడ్డారు. మొదటి ఎన్నికల్లో వాళ్ల గుర్తు చెట్టు. అటు 1951లో కృపలానీ కిసాన్ మజ్దూర్ ప్రజా పార్టీ పెట్టారు, గుర్తు గుడిసె. మన ప్రకాశం, తెన్నేటి విశ్వనాథం గార్లది ఆ గూడు. ఎన్నికలయ్యాక, 1952 సెప్టెంబరులో, ఈ రెండూ కలిసి ప్రజా సోషలిస్టు పార్టీ అయ్యాయి. అదే పీఎస్పీ. అంటే 1952లో చెట్టు గుర్తు మీద గెలిచి 1955లో పీఎస్పీ పేరుతో నిలబడిన మనిషి ఎటూ కదల్లేదు. పార్టీ బోర్డే మారింది.

1955 డిసెంబరు ఆఖరున లోహియా వర్గం పీఎస్పీ నుంచి విడిపోయి, హైదరాబాదులో మళ్లీ సోషలిస్టు పార్టీ పేరుతో పార్టీ పెట్టుకుంది. రాజు గారిది లోహియా బాట. మీ 1957 చిక్కు ఇక్కడే ఉంది. ఆ ఎన్నికలకి ఎన్నికల సంఘం జాతీయ పార్టీలుగా గుర్తించినవి నాలుగే: కాంగ్రెస్, కమ్యూనిస్టు, పీఎస్పీ, జనసంఘ్. ఏడాది వయసున్న లోహియా పార్టీ వాటిలో లేదు. ఆ పార్టీ మనుషులు ఎన్నికల సంఘం లెక్కల్లో స్వతంత్రుల పద్దులోకి పోయారు. లోక్‌సభ సచివాలయం సభ్యుడి పరిచయంలో వేసేది మాత్రం సభ్యుడి అసలు పార్టీ. రెండు పట్టికలూ తప్పు కావు, రెండూ వేరు వేరు ప్రశ్నలకి జవాబులు. మీరు ఇలా రాయండి: "1957లో లోహియా సోషలిస్టు పార్టీ మనిషిగా, ఎన్నికల రికార్డులో స్వతంత్ర అభ్యర్థిగా, విశాఖపట్నం నుంచి లోక్‌సభకి గెలిచారు." కొంచెం పొడుగైనా ఇదే సరైన మాట.

నిజంగా గీత దాటింది ఒక్కసారే, కాంగ్రెస్‌లోకి వెళ్లినప్పుడు. 1960లలో రాష్ట్ర మంత్రివర్గంలో ఉన్నది కాంగ్రెస్ మనిషిగానే, 1971లో విశాఖ ఎంపీ అయ్యిందీ కాంగ్రెస్ టిక్కెట్టు మీదే. దాన్ని దాచకండి, మెత్తగానూ రాయకండి. ఆ రోజుల్లో సోషలిస్టులు చాలామంది అదే దారి పట్టారు. ఫిరాయింపు అనే మాట మాత్రం ఇక్కడ వాడొద్దు. పార్టీ ఫిరాయింపుల మీద రాజ్యాంగంలో పదో షెడ్యూలు వచ్చింది 1985లో, దానికి ముందు ఆ మాటకి చట్టంలో అర్థమే లేదు.

లోహియాతో కలిసి లోక్‌సభలో అన్నది కొట్టేయండి. 1957లో లోహియా ఓడిపోయారు. ఆయన సభలో అడుగుపెట్టింది 1963లో, ఫరూఖాబాద్ ఉప ఎన్నికతో. రాజు గారి మొదటి లోక్‌సభ రెండోది, అది 1962లోనే ముగిసింది. రాజు గారు 1971లో మళ్లీ ఎంపీ అయ్యేనాటికి లోహియా చనిపోయి మూడేళ్లు దాటింది. వాళ్ల సంబంధం పార్టీది, సభది కాదు.

విజయనగరం_జంక్షన్:

ఫొటో వేసే ముందు ఒక్కసారి చూసుకోండి. 1962లో విశాఖ ఎంపీ కూడా "విజయనగరం రాజు"యే, కానీ ఆయన విజ్జీ. 1936లో ఇంగ్లండ్‌లో క్రికెట్ జట్టుకి కెప్టెన్‌గా వెళ్లిన విజయ ఆనంద గజపతి రాజు, పీవీజీ గారికి బాబాయి, కాంగ్రెస్. 1962 నాటి "మహారాజ్ కుమార్" గెలుపుని పీవీజీ గారి ఖాతాలో వేసిన వాళ్లని చూశాం. ఇక 1978లో జనతా తరఫున విజయనగరం ఎమ్మెల్యే అయి తర్వాత తెలుగుదేశంలో ఉన్నది కొడుకు అశోక్ గజపతి రాజు గారు. మూడు తరాలని ఒకే పేరాలో కలిపేస్తే పార్టీల లెక్క నాలుగు కాదు, ఆరవుతుంది.

బీచ్‌రోడ్డు_ఓటరు:

పై వివరణతో ఏకీభవిస్తూనే ఒక మాట. "స్వతంత్ర" అన్న ముక్కని మన సీటులో మూడు ఎన్నికల మీద పెట్టి చూడండి.

1952లో విశాఖ ద్విసభ్య నియోజకవర్గం, అంటే ఒకే సీటు నుంచి ఇద్దరు ఎంపీలు. లంక సుందరం, గాం మల్లుదొర, ఇద్దరూ స్వతంత్రులుగానే గెలిచారు. 1957లో పీవీజీ రాజు గారు, రికార్డులో స్వతంత్ర, వెనక దేశవ్యాప్త పార్టీ. 1967లో తెన్నేటి విశ్వనాథం గారు, మళ్లీ స్వతంత్ర. ఈయన వెనక ఉన్నది పార్టీ కాదు, విశాఖకి ఉక్కు కర్మాగారం కావాలన్న ఉద్యమం. 1966 అక్టోబరు 15న అమృతరావు గారు నిరాహారదీక్షకి కూచున్నారు, నవంబరు 1న ఊళ్లో కాల్పులు జరిగాయి, అఖిలపక్ష కార్యాచరణ సంఘాన్ని నడిపింది తెన్నేటి. ఆ మూడు నాలుగు నెలలకే ఎన్నికలు. అదే మాట, మూడు చోట్లా మూడు అర్థాలు. ఎవరి గురించి రాసినా "స్వతంత్ర" కనిపిస్తే వెనక ఎవరున్నారని అడగకుండా వదలకూడదు.

ద్విసభ్య సీట్లతో ఇంకో ఇబ్బంది ఉంది. ఓటరుకి రెండేసి ఓట్లు, రెండూ ఒకే మనిషికి వేయకూడదు. కాబట్టి పోలైన ఓట్లని ఓటర్ల సంఖ్యతో భాగిస్తే పోలింగు శాతం తప్పొస్తుంది. మొత్తం ఓట్లలో గెలిచిన వ్యక్తి వాటాని ఇప్పటి శాతాలతో పోల్చకూడదు. 1961 చట్టంతో ఆ పద్ధతి పోయింది, 1962 నుంచి అన్నీ ఏకసభ్య సీట్లే.

ద్వారకానగర్_పాఠకుడు:

చాలా సాయమైందండి. ఇంకొకటి. "సోషలిస్టు కనుక రాజభరణం వదులుకున్నారు, తన భూములు పంచేశారు" అని ఒక డ్రాఫ్టులో ఉంది. ఉంచమంటారా? 1955లో ఎమ్మెల్యే, 1957లో ఎంపీ కదా, మధ్యలో అసెంబ్లీ ఎన్నికలు ఎందుకు లేవు?

కచేరి_గుమస్తా:

రాజభరణం (మాజీ సంస్థానాధీశులకి ప్రభుత్వం ఏటా ఇచ్చిన సొమ్ము) మాట తీసేయండి. విజయనగరం సంస్థానం కాదు, జమీందారీ. ప్రభుత్వానికి పేష్కష్ (ఏటా కట్టే శిస్తు) కట్టే ఎస్టేటు. ఉత్తర సర్కారుల్లో అతి పెద్దదే అయినా, అది బ్రిటిష్ ఇండియాలో భాగం. రాజభరణం దక్కింది 1947 తర్వాత విలీనమైన సంస్థానాధీశులకి. మహారాజా అన్నది బిరుదు. లేని భరణాన్ని వదులుకోవడం ఎవరి వల్లా కాదు.

భూముల సంగతి రెండుగా విడదీయాలి. జమీందారీ పోయింది 1948 నాటి మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టం వల్ల, నష్టపరిహారం లెక్కతో. అది త్యాగం కాదు, చట్టం. ఆయన చేతులారా ఇచ్చింది ఆ తర్వాత మిగిలిన సొంత ఆస్తిలోంచి: 1958లో తండ్రి అలక్ నారాయణ గజపతి పేరిట మాన్సాస్ పెట్టి కోటని, ఆస్తుల్ని దానికి రాయడం. ఈ రెండింటినీ కలిపి "భూములు పంచారు" అంటే, నిజంగా చేసిన పెద్ద పని చిన్నదైపోతుంది.

1957 ప్రశ్న. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చినప్పుడు, 1952లో మద్రాసు శాసనసభకి ఎన్నికైన మనవాళ్లే కర్నూలులో కూచున్నారు. 1954 నవంబరులో ప్రకాశం ప్రభుత్వం మద్యనిషేధం గొడవలో ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. అందుకే 1955 ఫిబ్రవరిలో మధ్యంతరం, 196 సీట్లకి. రెండేళ్లే అయింది కాబట్టి 1957లో కోస్తా, రాయలసీమల్లో లోక్‌సభకే ఓటేశారు. అసెంబ్లీ ఎన్నికలు జరిగింది తెలంగాణ సీట్లకి. రెండు సభల్లోనూ గెలిచిన మనిషి 14 రోజుల్లో శాసనసభ సీటు వదలాలి, లేకపోతే పార్లమెంటు సీటే ఖాళీ అవుతుంది. ఎమ్మెల్యే ఎంపీ అయితే ఉప ఎన్నిక వచ్చేది అందుకే.

1955 పట్టికలో "ప్రజా పార్టీ" అని 5 సీట్లు కనిపిస్తాయి. అది పీఎస్పీ కాదు. కాంగ్రెస్‌తో, కృషికార్ లోక్ పార్టీతో పొత్తు కట్టిన ప్రకాశం వర్గం. పీఎస్పీ దానికి ఎదురు నిలబడి 13 తెచ్చుకుంది. పేర్ల పోలిక చూసి రెండూ కూడేస్తే రాజు గారు కాంగ్రెస్ కూటమిలో ఉన్నట్టు తేలుతుంది, పూర్తిగా తలకిందులు.

పాత_ఫలితాలు:

వెతికే పద్ధతి కూడా చెప్పేస్తాను. ఎన్నికల సంఘం గణాంక నివేదికల్లో మొదటి ఎన్నికలు 1951 పేరుతో ఉంటాయి, పోలింగు చాలామటుకు 1952లో అయినా. మన సీట్లు మద్రాసు రాష్ట్రం కింద చూడాలి. అందులో ఎస్పీ అంటే సోషలిస్టు పార్టీ, ఇప్పటి సమాజ్‌వాదీ కాదు. విజయనగరం జిల్లా కింద వెతికితే ఏమీ దొరకదు. ఆ జిల్లా పుట్టింది 1979 జూన్ 1న, అంతకుముందు ఊరు విశాఖపట్నం జిల్లాలోదే.

సభలో ఆయన ఏం మాట్లాడారో కావాలంటే పార్లమెంటు డిజిటల్ లైబ్రరీలో రెండో, అయిదో లోక్‌సభ చర్చలు తెరవండి. పేరుతో వెతకడం దండగ. ఇనిషియల్స్ ఒకచోట ఒకలా, ఇంటిపేరు ముందో వెనకో, గజపతి అని ఉండీ లేకా, పైగా పాత అచ్చుని స్కాన్ చేసినప్పుడు అక్షరాలు చెడిపోయాయి. సభ్యుడి పేరు పక్కన బ్రాకెట్లో నియోజకవర్గం వేస్తారు. కాబట్టి "విశాఖపట్నం" అని కొట్టి, సంవత్సరంతో వడగట్టండి. ఒక్కసారి ఆయన పేరు ఆ సంపుటాల్లో ఎలా అచ్చయిందో తెలిస్తే, ఆ రూపం పట్టుకుని మిగతావి లాగండి. శాసనసభ చర్చలకైతే 1953–56కి "ఆంధ్ర శాసనసభ", ఆ తర్వాత "ఆంధ్రప్రదేశ్ శాసనసభ". ఇవి వేరు వేరు సంపుటాలు. ఆంధ్రా యూనివర్సిటీ వీఎస్ కృష్ణా లైబ్రరీలో అడిగేటప్పుడు ఈ రెండు పేర్లూ విడివిడిగా రాసివ్వండి.

చోటు మిగిలితే పక్కన భాట్టం శ్రీరామమూర్తి గారిని కూడా పెట్టండి. అదే సోషలిస్టు గూటి నుంచి మొదలై కాంగ్రెస్ ప్రభుత్వంలో మంత్రి అయ్యారు, ఆ తర్వాత 1984లో ఇదే విశాఖ నుంచి తెలుగుదేశం ఎంపీగా గెలిచారు.

ద్వారకానగర్_పాఠకుడు:

భరణం వాక్యం కొట్టేశాను. 1957 వాక్యం మీరిచ్చినట్టే వేశాను. విజ్జీ గారి ఫొటో నిజంగానే పడబోయింది, ఆపాను.