కేరళ స్టేట్ హైవే 54 మధ్యలో తెగిపోయిందా? అమ్మకు ఘాట్ రోడ్డు పడదు, సాయం చేయండి

మాది అనంతపురం, ఉండేది బెంగళూరు మారతహళ్లిలో. డిసెంబరులో అమ్మానాన్నల్ని కారులో కోజికోడ్ తీసుకెళ్లాలి. నాన్నకు సముద్రం చూడాలని. అమ్మకేమో ఘాట్ అంటే వాంతులు. పోయినసారి తామరశ్శేరి చురంలో (చురం అంటే మలయాళంలో ఘాట్) 9 హెయిర్‌పిన్ మలుపులుంటే, నాలుగోదానికే కారు ఆపించింది. నిమ్మకాయ వాసన చూపించినా లాభం లేకపోయింది.

మ్యాప్‌లో చూస్తే వయనాడ్‌లోని కల్పెట్ట నుంచి పడింజారత్తర దాకా ఎస్‌హెచ్ 54 ఉంది. అవతల కోజికోడ్ వైపు పూజితోడ్ దగ్గర కూడా అదే నంబరు. మధ్యలో గీత లేదు. మ్యాప్ తప్పా, రోడ్డే లేదా?

బీటీఎం బుల్లెట్:
రోడ్డే లేదు బ్రో. నేను మోసపోయినవాణ్ణే. బాణాసుర సాగర్ డ్యామ్ చూసుకుని అటే దిగిపోదామని బండి తిప్పాను. పోను పోను రోడ్డు సన్నబడింది, చివరికి ఎదురుగా అడవి. టీ కొట్టు పెద్దాయన్ని వచ్చీరాని తమిళంలో "కోజికోడ్?" అని అడిగితే నవ్వి, నేనొచ్చిన దారే చూపించాడు. టీ మాత్రం బాగుంది.

ఈ రోడ్డుకు 1994లో శంకుస్థాపన చేశారు. నేను పుట్టిన ఏడాది అదే. నాకు పెళ్లయింది, ఇద్దరు పిల్లలు, రోడ్డు ఇంకా అడవి అంచునే ఉంది. రెండు వైపుల నుంచీ వేసుకుంటూ వచ్చి పశ్చిమ కనుమల దగ్గర ఆగిపోయారు. అక్కడంతా అటవీ భూమి. 1980 అటవీ సంరక్షణ చట్టం ప్రకారం కేంద్రం ఒప్పుకోవాలి. ఈలోగా ఘాట్ ఎక్కకుండా కోజికోడ్ వైపు నుంచి వయనాడ్‌కు కొండ కిందుగా పోయే ఆనక్కాంపొయిల్–మేప్పాడి సొరంగం పని 2025లో మొదలైంది, 8 కిలోమీటర్ల పైనే. అది పూర్తయ్యాక అమ్మగారికి హాయి. ఈ డిసెంబరుకు కాదు.

వైట్‌ఫీల్డ్ వదిన:
కుట్ట్యాడి చురం మీదుగా వెళ్లమని ఎవరైనా చెప్తే వినకండి, అక్కడా మలుపులే. మా అత్తగారిదీ ఇదే బాధ కాబట్టి చెప్తున్నా: సేలం, కోయంబత్తూరు, పాలక్కాడ్ మీదుగా వెళ్లండి. పాలక్కాడ్ దగ్గర కనుమలకే పెద్ద సందు ఉంది, కొండ ఎక్కే పనే లేదు. దూరం బాగా పెరుగుతుంది, నిజమే. కానీ మధ్య మధ్య కారాపి ఆవిణ్ణి పట్టుకుని నిలబడే టైమ్ కూడా లెక్కేసుకోండి! లేదా యశ్వంత్‌పూర్–కన్నూర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కండి. అదీ పాలక్కాడ్ మీదుగానే, రాత్రి ఎక్కితే పొద్దున కోజికోడ్.

బీటీఎం బుల్లెట్:
వదిన చెప్పిందే రైటు. మొండికేసి గుండ్లుపేట మీదుగానే వెళ్తానంటే మాత్రం, దారిలో బండీపూర్ అడవిలో రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా వదలరు. టైమ్ చూసుకో.

అడిగినవాణ్ణి:
థాంక్స్ వదినా, థాంక్స్ బ్రో. అమ్మకు రెండు దారులూ చెప్పాను. రైలైతే పులిహోర చేసి పట్టుకొస్తానంది. నాన్న అప్పుడే కిటికీ సీటు అడుగుతున్నాడు, రాత్రి రైలు అన్నా వినట్లేదు.