2^1277 − 1 మీద ఎవరైనా పనిచేశారా? మీ అనుభవాలు చెప్పండి

రాత్రిబండి:
అందరికీ నమస్తే. మూడు నెలలుగా పాత లాప్‌టాప్‌లో ప్రైమ్95 అనే ప్రోగ్రామ్ పెట్టి ఈ సంఖ్య మీద ఈసీఎం (ఎలిప్టిక్ కర్వ్‌లతో కారణాంకాలు వెతికే పద్ధతి) నడుపుతున్నాను. 385 అంకెల సంఖ్య, చివర 71. బైనరీలో రాస్తే వరసగా 1277 ఒకట్లు, మధ్యలో ఒక్క సున్నా ఉండదు. ప్రధాన సంఖ్య కాదని ఖాయంగా తెలుసు, కానీ దేంతో నిశ్శేషంగా భాగించవచ్చో ఎవరికీ తెలీదు. పొద్దున లేవగానే ముందు స్క్రీనే చూస్తాను. ఫ్యాన్ చప్పుడుకి నిద్ర పట్టట్లేదని ఇంట్లో గొడవ. మీరు ఎంతవరకు వెళ్లారు?

పలకాబలపం:
ఒక డౌట్ అండీ. ఒక్క కారణాంకం కూడా తెలియకుండా సంయుక్త సంఖ్య అని ఎలా తేల్చారు?

లెక్కలపంతులు:
మంచి ప్రశ్న అడిగారమ్మా. ఇంటర్ పిల్లలకి నేను దీన్ని బోర్డు మీద చేసి చూపిస్తాను. చిన్నది తీసుకుందాం: 2^11 − 1, అంటే 2047. 4తో మొదలుపెట్టి, వర్గం చేసి, 2 తీసేసి, 2047తో భాగించి శేషం ఉంచుకోవాలి. ఘాతం 11 కాబట్టి తొమ్మిదిసార్లు చేయాలి.

4, 14, 194, 788, 701, 119, 1877, 240, 282, 1736.

చివర సున్నా వస్తే ప్రధాన సంఖ్య. రాలేదు కాబట్టి సంయుక్త సంఖ్య. 2047 అంటే 23 × 89. ఆ వరసలో 23 గానీ 89 గానీ ఎక్కడైనా కనపడ్డాయా? ఈ పరీక్ష అవునో కాదో మాత్రమే చెబుతుంది. అదే 127తో చేస్తే 4, 14, 67, 42, 111, 0. అది ప్రధానం.

1952లో రాఫెల్ రాబిన్సన్ లాస్ ఏంజెలెస్‌లోని స్వాక్ అనే కంప్యూటర్ మీద 2304 లోపు అప్పటికి తేలకుండా మిగిలిన ప్రధాన ఘాతాలన్నిటినీ ఇలాగే పరీక్షించారు. 1279 దగ్గర సున్నా వచ్చింది. దాని కవల ప్రధానం 1277 దగ్గర రాలేదు. ఇది చెప్పినప్పుడల్లా క్లాసంతా ఒక్క క్షణం చప్పుడు లేకుండా అయిపోతుంది.

పలకాబలపం:
అర్థమైంది మాస్టారూ! ఇప్పుడే ఫోన్‌లో పైథాన్‌తో 1277కి చేశాను. 1275 సార్లు తిప్పడం కళ్లు మూసి తెరిచేలోగా అయిపోయింది. నిజంగానే సున్నా రాలేదు.

గోదారిగట్టు:
నేను మామూలు భాగహారంతో మొదలుపెట్టాను. దీని ప్రధాన కారణాంకం ఏదైనా 2554 గుణిజానికి 1 కలిపినట్టే ఉండాలి, 8తో భాగిస్తే శేషం 1 లేదా 7 రావాలి. అలా చూస్తే మొదట తగిలేది 7663. అదే 79 × 97, తీసేయాలి. తర్వాత 10217, అది 17 × 601, అదీ పోయింది. ఇలా వారం రోజులు నడిపి ఆపేశాను. నా కంటే ఎంతో ముందుకు వెళ్లినవాళ్లు ఉన్నారని తర్వాత తెలిసింది.

2^67 − 1 కథ కూడా ఇంతే కదా. అది సంయుక్త సంఖ్య అని 1876లో లూకాస్ నిరూపిస్తే, 193707721 × 761838257287 అని కోల్ చూపించింది 1903లో.

జల్లెడపట్టు:
రాత్రిబండి గారూ, మీ బీ1 (ఈసీఎం ఎంత పెద్ద కారణాంకాల కోసం వెతకాలో దాన్నిబట్టి పెట్టే హద్దు) ఎంత పెట్టారు? 4.3 కోట్లయితే అది 50 అంకెల కారణాంకాల కోసం. ఆ స్థాయి వెతుకులాట ఎప్పుడో అయిపోయింది, మీ కరెంటు వృథా. 65 అంకెలకి 85 కోట్లు పెట్టాలి, ర్యామ్ కూడా బాగా ఉండాలి. అయినా గ్యారంటీ లేదు. 320 అంకెల 2^1061 − 1ని 2012లో విడగొడితే 143 అంకెలది ఒకటి, 177 అంకెలది ఒకటి వచ్చాయి. అంత పెద్దవి ఈసీఎంకి చిక్కవు. చాలా కంప్యూటర్లు కలిసి నంబర్ ఫీల్డ్ సీవ్ అనే ఇంకో పద్ధతితో చేశారు. మనది ఇంకో 65 అంకెలు పెద్దది.

రాత్రిబండి:
నాది 4.3 కోట్లే అండీ. మూడు నెలలు పోయాయంటే బాధగానే ఉంది, కానీ ఆపను. ర్యామ్ 16 జీబీకి పెంచి 85 కోట్లు పెడతాను. లాప్‌టాప్‌ని హాల్లోకి మార్చేశాను. ఒక్క కర్వ్‌కి, అంటే ఈసీఎంలో ఒక్క ప్రయత్నానికి, ఎన్ని గంటలు పడుతుందో ఆదివారం ఇక్కడే రాస్తాను.