కేబిన్ బోటులో చుక్కాని దగ్గర్నుంచి గేరు మనిషికి కబురు: గంటా, బజరా, వాకీటాకీనా?

రంభరేవు
బోటు 42 అడుగులు. చుక్కాని వెనక ఎత్తు పీట మీద. ఇంజిన్ నడిమధ్యన కేబిన్ లోపల పెట్టెలో ఉంది, గేరూ యాక్సిలరేటరూ కూడా అక్కడే, వాటికో మనిషి. చుక్కాని పట్టినవాడికి కేబిన్ పైకప్పు తప్ప లోపల ఏమీ కనబడదు. ఇప్పటికి కాలితో చెక్క మీద తన్నడం, కేకెయ్యడం, అంతే. చిలికా సరస్సులో రంభ నుంచి దీవుల వైపు పోతే ఫర్వాలేదు, నీళ్లు విశాలం. పాలూరు కాలువలో దూరినప్పుడే తంటా. ఎదురు పడవ వచ్చిందంటే కేక విని గేరు మార్చేలోపు గట్టుకి రాసుకుంటోంది. ఖర్చు తక్కువలో ఏది పెట్టుకోమంటారు?

పాతసరంగు
గంట. ఇత్తడిది, కిలో బరువుకి తగ్గకూడదు. గేరు మనిషి నెత్తి మీద కాదు, ఎదురుగా మూరెడు దూరంలో వేలాడాలి. కదలడం కూడా కనబడాలి కాబట్టి. తాడు నైలాన్‌ది వద్దు, సాగుతుంది. మనం లాగినదంతా సాగుడుకే సరిపోయి గంట నాలుక కదలదు. నారతాడు తడిస్తే బిగుసుకుంటుంది, ఆరితే వేలాడుతుంది. 2 మిల్లీమీటర్ల స్టెయిన్‌లెస్ తీగ వేసి, మలుపు మలుపుకీ చిన్న కప్పీ పెట్టండి. గంట దగ్గర వెనక్కి లాగే స్ప్రింగ్ ఉంటేనే రెండు గంటలు రెండుగా వినబడతాయి, లేకపోతే ఒకటే గలగల.

సంకేతాలు పాత ఆవిరి పడవలవే చాలు. ఆగి ఉన్నప్పుడు ఒక గంట కొడితే నెమ్మదిగా ముందుకు. నడుస్తున్నప్పుడు ఒక గంట కొడితే ఆపు. రెండు కొడితే వెనక్కి. వరసగా గలగలలాడిస్తే పూర్తి వేగం.

ఇచ్ఛాపురం_కుర్రోడు
హారన్ ఉంది కదా, అదే కొడితే పోలా?

పాతసరంగు
పోదు. హారన్ బయటి పడవల కోసం. చిన్న కూత ఒకటి అంటే కుడికి తిరుగుతున్నానని, రెండంటే ఎడమకని, మూడంటే నా ఇంజిన్ వెనక్కి తిరుగుతోందని, అయిదంటే నీ ఉద్దేశం నాకు అర్థం కావట్లేదని. లోపలి కబురుకి అది వాడావంటే ఎదుటివాడు దాన్ని తనకే అనుకుని తిరుగుతాడు.

బరంపురం_వైరింగ్
గురువుగారూ, గంటతో నాకు పేచీ లేదు. పేచీ మీ సంకేతంతోనే. ఒకే గంటకి రెండు అర్థాలేటి? ఆగి ఉంటే ముందుకు, నడుస్తుంటే ఆపు అన్నారు. మధ్యలో ఒక గంట వినబడలేదనుకోండి. పైవాడి లెక్కలో బోటు ఆగి ఉంది, కిందివాడి లెక్కలో నడుస్తోంది. అక్కణ్ణుంచి ప్రతి గంటా తలకిందులే. కిందివాడికి కాలువ కనబడదు, పైవాడికి గేరు కనబడదు. తప్పు బయటపడేది గట్టు తగిలాకే.

నేను చెప్పేది 12 వోల్టుల బజర్, దానితోపాటే వెలిగే లైటు. కావలసినవి: వాటర్‌ప్రూఫ్ పుష్ స్విచ్చులు రెండు, బజర్ ఒకటి, ఎల్ఈడీ దీపాలు రెండు, నాలుగు కోర్ల వైరు (లోపల నాలుగు విడి తీగలున్నది) బోటు వంపులతో కలిపి సరిపడా, 3 ఆంపియర్ల ఫ్యూజు. మొదటి కోరు ఫ్యూజు దాటి వచ్చిన ప్లస్. రెండోది పైవాడి పిలుపు. మూడోది కిందివాడి జవాబు. నాలుగోది మైనస్. పైన స్విచ్చు మొదటి రెండు కోర్ల మధ్య, జవాబు దీపం మూడు, నాలుగు మధ్య. కింద బజరూ దీపమూ రెండు, నాలుగు మధ్య, జవాబు స్విచ్చు ఒకటి, మూడు మధ్య. పైవాడు నొక్కితే కింద మోగి వెలుగుతుంది, కిందివాడు గేరు వేసి నొక్కితే పైన వెలుగుతుంది. పైన దీపం వెలగకపోతే పని జరగలేదని అర్థం. గంటలో ఈ జవాబు ఏదీ?

ఇంకో మాట. చిలికా నీళ్లలో ఉప్పు ఉంది. మామూలు రాగి వైరు కొసలు కొన్నాళ్లకే పచ్చబడి పొడైపోతాయి. తగరం పూత ఉన్న వైరు తీసుకోండి. అతుకు మీద లోపల జిగురున్న హీట్‌ష్రింక్, అంటే వేడికి ముడుచుకునే గొట్టం, ఎక్కించి వేడిచేయండి, స్విచ్చు వెనక వ్యాజిలైన్ పూయండి. స్టార్టర్ వైరు నుంచి మాత్రం ప్లస్ తీయకండి. సెల్ఫ్ కొట్టినప్పుడల్లా వోల్టేజీ పడిపోయి బజర్ మూలుగుతుంది. నేరుగా బ్యాటరీ నుంచి, ఫ్యూజు బ్యాటరీకి జానెడు లోపలే.

పాతసరంగు
జవాబు గంట ఉండదని నేనెక్కడన్నాను? కింద నుంచి పైకి ఇంకో తీగ వేస్తే జవాబే. బ్యాటరీ దిగినా మోగేది గంట ఒక్కటే.

బరంపురం_వైరింగ్
బ్యాటరీ దిగితే బోటే స్టార్ట్ కాదు. ఒకే గంటకి రెండు అర్థాలెందుకో చెప్పండి ముందు.

పాతసరంగు
ఆపడానికి ఒకే దెబ్బ ఉండాలి కనుక. ప్రమాదంలో మూడు గంటలు లెక్కపెట్టి కొట్టే తీరిక ఉంటుందా?

బరంపురం_వైరింగ్
అలాగైతే ఒకటి ఎప్పుడు కొట్టినా ఆపే. రెండు ముందుకు, మూడు వెనక్కి. నాలుగు వేగం పెంచు, అయిదు తగ్గించు అంటూ పోకూడదు, ఇంజిన్ మోతలో మూడు దాటితే ఎవడికీ లెక్క నిలవదు. వేగానికి ఇంకో రంగు దీపం పెట్టుకోవచ్చు. ఆగకుండా మోగుతూ ఉంటే కూడా ఆపే. అప్పుడు స్విచ్చు షార్టయి బజర్ పట్టేసినా బోటు ఆగుతుంది కాబట్టి భద్రం.

పాతసరంగు
కుర్చీలో కూర్చున్నవాడి భద్రం అది. ఫ్యాను, అదే నీళ్లలో బోటుని తోసే రెక్కల చక్రం, తిరుగుతుంటేనే చుక్కానికి నీటి తోపుడు తగులుతుంది. ఫ్యాను ఆపితే చుక్కాని చేతిలో ఉత్త కర్ర. మధ్యాహ్నం నైరుతి గాలి పట్టిందంటే ఆగిన బోటు అడ్డం తిరిగి వలల మీదకో గట్టు మీదకో పోతుంది. కాలువలో భద్రం ఆపడం కాదు, నెమ్మదిగా ముందుకి నడుస్తూ ఉండడం. మీ బజర్ పట్టేసిందంటే మీరే బోటుని గట్టుకి అప్పజెప్పినట్టు.

ఛత్రపూర్_నీళ్లు
ఇద్దరిదీ నిజమే. కానీ అడిగినవాడు పాపం ఏం పెట్టుకోవాలో ఇంకా తేలలేదు.

సిరొంచ_రేవు
మా ప్రాణహిత మీద చిన్న పడవల్లో చుక్కాని పట్టినోడే ఇంజిన్ నడిపిస్తడు. గంటా వద్దు, బజరూ వద్దు.

బాలుగావ్_టూర్స్
వాకీటాకీ గురించి ఎవరూ మాట్లాడరేం? రెండు సెట్లు కొంటే పని అయిపోయె.

బరంపురం_వైరింగ్
అవదు. 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ మధ్య తక్కువ శక్తి సెట్లకి లైసెన్సు అక్కర్లేదు. ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికే వాటిలో చాలావరకు ఏ ఫ్రీక్వెన్సీకైనా తిప్పుకునేవే, వాటికి ఆ మినహాయింపు రాదు. టైప్ అప్రూవల్, అంటే ఆ మోడల్‌కి ప్రభుత్వ ఆమోదం, ఉందో లేదో చూసి కొనాలి.

సరైన సెట్టే కొన్నా తంటా ఉంది. మాటకి తనంతట తానే ఆన్ అయ్యే సెట్టింగ్ పెడితే ఇంజిన్ మోతకే ఆన్ అయి కూర్చుంటుంది. బటన్ నొక్కి మాట్లాడాలంటే పైవాడికి చుక్కాని మీద చెయ్యి ఖాళీ ఉండదు. నొక్కగానే మాట్లాడితే మొదటి అక్షరం, తొందరగా వదిలితే చివరి అక్షరం పోతాయి. ‘ఆపొద్దు’లో చివర పోతే మిగిలేది ఏటో చూసుకోండి. వాడితీరాలంటే ‘వద్దు’తో ముగిసే మాటే రాకూడదు. ముందుకు, వెనక్కి, ఖాళీ గేరు, నెమ్మది: ఈ నాలుగే. కిందివాడు అదే మాట తిరిగి అనాలి. ప్రయాణికులకి నీళ్లబాటిల్ ఇమ్మని చెప్పడానికైతే వాకీటాకీ బ్రహ్మాండం.

గేరుమనిషి
ఇంతసేపూ చూస్తున్నాను. అందరూ పైవాడి చెయ్యి గురించే మాట్లాడుతున్నారు. కిందివాడి చెవి గురించి ఒక్కడూ అనలేదు.

పెట్టెలో ఉన్నా డీజిల్ ఇంజిన్ పక్కన పొద్దస్తమానం కూర్చున్నవాడికి ముందు పోయేది 4 వేల హెర్ట్జ్ చుట్టుపక్కల వినికిడి. బజారులో దొరికే చిన్న పీజో బజర్లు కూసేది 3 వేల దరిదాపుల్లో. అంటే మీరు పిలవడానికి ఎంచుకున్న శబ్దం సరిగ్గా వాడికి వినబడని చోటికి దగ్గరలో ఉంది. కొత్త కుర్రాణ్ణి కూర్చోబెట్టి పరీక్ష చేసి బాగుందంటారు, ముసలాడు కూర్చుంటే నిద్రపోతున్నావా అని తిడతారు. బజర్ పెడితే లావు గొంతు ఉన్న స్కూటర్ హారన్ లాంటిది పెట్టండి. లైటు తప్పనిసరి. అదీ గేరు లివర్‌కి అవతల, కంటి ఎత్తులో. ఇంజిన్ పక్కన చెవులకి మఫ్ పెట్టుకునే హక్కు కూడా వాడికుంది. లైటు లేకపోతే పెట్టుకోలేడు.

రెండోది. ‘వెనక్కి’ అనగానే వెనక్కి పడదు. యాక్సిలరేటర్ పూర్తిగా దించాలి, ఖాళీ గేరులో రెండు మూడు సెకన్లు ఆగాలి, షాఫ్టు నెమ్మదించాక వెనక గేరు, తర్వాత ఇంజిన్ లేపాలి. ఇవేవీ లేకుండా వేస్తే క్లచ్ పళ్లెమో కప్లింగ్ బోల్టులో పోతాయి. గట్టుకి రాసుకుంటోంది కేక ఆలస్యమై కాదు, పైవాడు ఈ సమయం లెక్కలో వేసుకోక. కుడిచేతి ఫ్యానైతే (ముందుకి నడిచేటప్పుడు వెనక నుంచి చూస్తే గడియారం ముల్లులా తిరిగేది) వెనక్కి తిప్పగానే బోటు వెనక భాగం ఎడమకి జరుగుతుంది, అదీ చూసుకోడు. గంట మార్చినా, బజర్ మార్చినా ఇది మారదు.

రంభరేవు
మంచి మాటలే చెప్పారు. అయితే సిరొంచ అన్నగారు అన్నట్టు గేరూ యాక్సిలరేటరూ రెండూ చుక్కాని దగ్గరికే తెచ్చుకుంటే? ఒకే లివర్, రెండు కేబుళ్లు. నిజానికి అడగాలనుకున్నది ఇదే. కింద మనిషే లేకపోతే కబురు గొడవే ఉండదు కదా.

గేరుమనిషి
అదీ సంగతి. గంటా బజరా అని అడిగింది ఒక జీతం మిగుల్చుకోడానికన్నమాట. ముందే చెప్తే సరిపోయేది.

రంభరేవు
మిగుల్చుకుంటే తప్పా? సీజను నాలుగు నెలలు, జీతం పన్నెండు నెలలు.

గేరుమనిషి
తప్పనలేదు. కిందివాడు గేరు ఒక్కటే వేస్తాడనుకోవడం తప్పు. చిలికాలో నాచు నీళ్లు పీల్చే జాలీకి పట్టేస్తే మొదట తెలిసేది వాడికే, బయటికి పడే నీటి ధార సన్నబడిందని చూస్తాడు. వాడు లేకపోతే ఇంజిన్ వేడెక్కిన సంగతి పైవాడికి ఎవరు చెప్తారు? వేడికీ ఆయిల్ ప్రెషర్‌కీ అలారాలు, బోటు అడుగున చేరే నీళ్లకి ఫ్లోట్ స్విచ్చు (నీళ్లు పెరిగితే తేలి పనిచేసేది), అన్నీ చుక్కాని దగ్గరికి లాగాలి. నీళ్ల ధార బయటికి వదిలే గొట్టం పైవాడికి కనబడే పక్కకి మార్చాలి. ప్రయాణికులంతా పక్షుల కోసం ఒకే పక్కకి లేస్తే కూర్చోమనేది ఎవరు? లైఫ్‌జాకెట్ బకిల్ పెట్టించేది ఎవరు?

పాతసరంగు
ఈ ఒక్కదాంట్లో గేరుమనిషి తమ్ముడి వైపే నేను. లాంచీ మీద నడిపించే సరంగు వేరు, ఇంజిన్ డ్రైవరు వేరు అన్నది ఊరికే పెట్టిన ఏర్పాటు కాదు. 1917 నాటి ఇన్‌ల్యాండ్ వెసెల్స్ చట్టం తీసేసి 2021లో కొత్తది తెచ్చారు. అందులోనూ సిబ్బంది, అర్హత సర్టిఫికెట్ల సంగతి ఉంది. బోటు రిజిస్టర్ చేసిన ఆఫీసులో అడక్కుండా మనిషిని దించేయకండి.

బరంపురం_వైరింగ్
నేను ఒప్పుకోను. గేరు చుక్కాని దగ్గరుంటేనే కాలువలో భద్రం, మధ్యలో ఎవరి చెవీ అక్కర్లేదు. కేబిన్‌లో మనిషిని ఉంచండి, ప్రయాణికుల్నీ నీళ్లధారనీ చూసుకుంటాడు, నేను చెప్పిన బజర్ అప్పుడు వాడి నుంచి పైకి పనికొస్తుంది. జీతం మిగలదు, గట్టు మాత్రం తప్పుతుంది.

రంభరేవు
జీతమూ మిగలక, కేబుల్ ఖర్చూ పెట్టి?

బరంపురం_వైరింగ్
గట్టుకి రాసుకున్న పలకలు మార్చే ఖర్చు కూడా ఓసారి లెక్క వెయ్యండి.

గేరుమనిషి
లెక్కకి ముందు ఆ గేరుబాక్స్ ఏదో చూడండి. హైడ్రాలిక్ మెరైన్ గేరైతే లివర్ వేలితో కదులుతుంది, కేబుల్ చాలు. వంపు 8 అంగుళాల వ్యాసార్ధం కన్నా బిగుతుగా తిప్పకూడదు, మధ్యలో అతుకు ఉండకూడదు, కొస రబ్బరు తొడుగు చిరిగితే ఉప్పు నీళ్లు దూరి పట్టేస్తుంది. లారీ గేరుబాక్స్ బిగించిన బోటైతే క్లచ్ కూడా తొక్కాలి, ఈ కేబుల్ పనికేరాదు. ఇంజిన్ ఆపి, లివర్ ఒంటిచేత్తో ముందుకీ వెనక్కీ వేసి చూడండి, భుజం పెట్టాల్సి వస్తోందా లేదా. గేరుబాక్స్ మీద ప్లేటు ఉంటే ఫొటో పెట్టండి.

రంభరేవు
లారీదే.

ఛత్రపూర్_నీళ్లు
😀

పాతసరంగు
తీగ పద్దెనిమిది అడుగులు తెచ్చుకోండి, కప్పీలు నాలుగు.

బరంపురం_వైరింగ్
లైటు కూడా. ఒక గంట అంటే ఆపే, ఎప్పుడైనా.

పాతసరంగు
కాదు.