పీస్ స్టేషన్లో పట్టిన నడుంనొప్పికి డిసెబిలిటీ పెన్షన్ ఇవ్వాలా?

తిరుమలగిరి_హవల్దార్:
ఆర్మీ నుంచి దిగేటప్పుడు చేసే రిలీజ్ మెడికల్ బోర్డు కాగితంలో నడుం దగ్గర ఎల్4-ఎల్5 పూసల మధ్య డిస్క్ జారింది, వైకల్యం 20 శాతం, జీవితాంతం అని రాస్తారు. కింద మాత్రం ‘సర్వీసు వల్ల రాలేదు, సర్వీసులో ముదరలేదు’. కారణం ఒక్క లైను: పీస్ స్టేషన్లో (సరిహద్దుకు దూరంగా ఉండే మామూలు పోస్టింగులో) మొదలైంది. ఇది సబబేనా?

మందుల_పెట్టె:
సబబే. నలభై దాటాక ఎంఆర్ఐ తీస్తే కోఠిలో బట్టలకొట్టు నడిపేవాడికీ డిస్క్ ఉబ్బు కనిపించొచ్చు. అరుగుదల వయసుది. దెబ్బ తగిలిందంటారా, ఐఏఎఫ్‌వై-2006 ఇంజురీ రిపోర్టు చూపించండి. అది లేకుండా బోర్డు ఏం రాస్తుంది?

రూల్‌బుక్_రెడ్డి:
అన్నా, 2013 నాటి ధరమ్‌వీర్ సింగ్ సుప్రీంకోర్టు తీర్పు మర్చిపోయావు. భర్తీనాటి మెడికల్లో నడుం గురించి ఏమీ రాయకపోతే, తర్వాత వచ్చింది సర్వీసు వల్లేనని అనుకోవాలి. కాదని చూపించాల్సింది సర్కారు, అదీ కారణాలతో. ‘పీస్ స్టేషన్’ చోటు పేరు, కారణం కాదు. బీపీఈటీ అనే ఫిట్‌నెస్ పరీక్షలో సామాను వీపున వేసుకుని 5 కిలోమీటర్లు ఉరికేది పీస్‌లోనే కదా!

మందుల_పెట్టె:
ఉరికేది అందరూ. డిస్క్ జారేది కొందరికే.

సైనిక్‌పురి_గుమస్తా:
ఇద్దరూ ‘వచ్చిందా’ దగ్గరే ఆగిపోయారు. ‘ముదిరిందా’ అన్నది వేరే ప్రశ్న, గెలిచే దారి చాలాసార్లు అదే. 10 రూపాయల ఆర్‌టీఐతో రికార్డ్స్ ఆఫీసు నుంచి ఏఎఫ్‌ఎంఎస్‌ఎఫ్-16 (రిలీజ్ బోర్డు ఫారం), అంతకుముందు కేటగిరీ (ఫిట్‌నెస్ గ్రేడు) బోర్డుల ఏఎఫ్‌ఎంఎస్‌ఎఫ్-15లు అన్నీ తెప్పించండి. పక్కనే పోస్టింగుల పట్టిక పెట్టుకుని తేదీలు సరిచూడండి. లో మెడికల్ కేటగిరీ (తగ్గించిన ఫిట్‌నెస్ గ్రేడు) వచ్చాక కూడా ఫీల్డుకు, అంటే సరిహద్దు లాంటి కష్టమైన చోటికి, పంపారా? మొదటి ఎంఆర్ఐలో ఉబ్బు, చివరిదానిలో నరం నొక్కుడు ఉందా? అప్పీలులో ఇదే మొదటి పేరా కావాలి. ‘బరువులు మోశాను’ అని మూడు పేజీలు రాస్తే ఎవరూ చదవరు.

మొదటి అప్పీలుకు ఆరు నెలలు, రెండోదానికి ఇంకో ఆరు. ఆపైన సైనిక దళాల ట్రిబ్యునల్, మనకు చెన్నై బెంచ్. ఏళ్లు ఆలస్యమైనా తలుపు మూసుకోదు గానీ, 2008 తర్సేమ్ సింగ్ తీర్పు ప్రకారం బకాయిలు మూడేళ్లకే.

రూల్‌బుక్_రెడ్డి:
లెక్క కూడా చెప్పు గుమస్తాగారూ, జనం దానికోసమే చూస్తున్నారు.

సైనిక్‌పురి_గుమస్తా:
చివరి జీతం ఎంఎస్‌పీతో (మిలిటరీ సర్వీస్ పే) కలిపి 60,000 అనుకోండి. నూరు శాతం వైకల్యానికి అందులో 30 శాతం, అంటే 18,000. 20 శాతానికి 3,600. 2014 రామ్ అవతార్ తీర్పుతో 20ని 50గా లెక్కిస్తే 9,000. బోర్డు 15 అని రాసిందంటే, పూర్తి సర్వీసు చేసి దిగినవాడికి సర్వీసు వల్లేనని ఒప్పుకున్నా సున్నా. 2023 సెప్టెంబరు 21 నుంచి దిగినవాళ్లకు కొత్త రూల్సు, వాళ్లు ఈ లెక్క పట్టుకోవద్దు.

మందుల_పెట్టె:
‘ముదిరిందా’ అంటే ఒప్పుకుంటా, తేదీలుంటేనే. ఆ 15కీ 20కీ మధ్య గీత మాత్రం డాక్టరు నడుం ఎంత వంచి చూశాడన్నదాని మీదే ఉంటుంది. పరీక్షరోజు నొప్పి మాత్ర వేసుకుని వెళ్లొద్దు.